ఒకే పాట, వేరే పాఠం

ధర్మవరంలో నేను పెరిగిన వీధిలో తెల్లవారగానే రెండు వినబడేవి: మగ్గాల చప్పుడు, రేడియో. గుంతమగ్గంలో కూర్చున్న మనిషికి రెండు చేతులూ రెండు కాళ్లూ పనిలోనే ఉంటాయి. తీరికగా ఉండేవి చెవులు మాత్రమే. అందుకని ప్రతి మగ్గమింట్లోనూ గోడ గూట్లో ఒక రేడియో ఉండేది. మా చిన్నాయన గూట్లో రేడియో పక్కన ఒక టేపురికార్డరు కూడా ఉండేది. ఈ రోజు మీతో పంచుకోబోయే ఆలోచనకు మూలం ఆ గూడే.

ఆ రోజుల్లో ఖాళీ క్యాసెట్టు, పాటల చీటీ ఇస్తే రెండు రోజుల్లో పాటలు ఎక్కించి ఇచ్చే అంగళ్లుండేవి. చిన్నాయన ఒకసారి త్యాగరాజ కీర్తనలు ఎక్కించుకొచ్చాడు. పైన బాల్‌పెన్నుతో "త్యాగరాజ కీర్తనలు" అని రాసుంది, అంతే. ఎవరు పాడారో లేదు, ఏ కచేరీయో లేదు, ఏ సంవత్సరమో లేదు. అందులో రెండో పాట "బంటురీతి కొలు". రాముడి కొలువులో ఒక బంటుగా ఉండే భాగ్యం చాలునని త్యాగయ్య అడుక్కునే కీర్తన. ఆ గొంతు పెద్ద వయసుది. కాస్త బొంగురు. ఆ పాటను నేను వందలసార్లు విని ఉంటాను, దానంతట అదే నోటికొచ్చేసింది.

చాలా ఏళ్ల తర్వాత బెంగళూరులో ఒక కచేరీలో అదే కీర్తన విన్నాను. ఎక్కడో ఒక మెట్టు తక్కువైనట్టు అనిపించింది. పాడినావిడ పొరబడిందనుకుని, ఆ మాట పక్కనున్న పెద్దాయనతో అన్నాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "నువ్వు విన్నది ఎవరి పాఠం నాయనా?" అని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. క్యాసెట్టు మీద పేరు లేదు కదా.

మూడోసారి ఆ పాట నా దగ్గరికి ఇంకో వేషంలో వచ్చింది. బెంగళూరులో అగం అనే రాక్ బ్యాండు ఉంది. 2003లో మొదలైంది. గాయకుడు హరీష్ శివరామకృష్ణన్ వయొలిన్ కూడా వాయిస్తారు. 2012లో వచ్చిన వాళ్ల తొలి ఆల్బమ్ పేరు "ది ఇన్నర్ సెల్ఫ్ అవేకెన్స్". అందులో "స్వాన్స్ ఆఫ్ సరస్వతి" అనే పాట ఉంది. పేరు ఇంగ్లీషు, పాట మన బంటురీతి. ఎలక్ట్రిక్ గిటార్లు, డ్రమ్ములు, కీబోర్డులు, వాటి మధ్యలోంచి త్యాగయ్య తెలుగు. మా ఇంట్లో వినిపిస్తే చిన్నాయన నాడె ఆపి తల పైకెత్తాడు. "ఇదేందబ్బీ, ఉరుముల్లో పాడుతున్నాడు" అన్నాడు. కాసేపు విన్నాక, "మాటలైతే మనవే" అని మళ్లీ నాడె విసిరాడు.

ఆ బ్యాండు అదే 2012లో కోక్ స్టూడియో కార్యక్రమంలో స్వాతి తిరునాళ్ ధనశ్రీ తిల్లానా వాయించింది. ఆ తిల్లానా వాళ్ల ఆల్బమ్‌లోనూ ఉంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని వింటే ఒకటి కాదు. రాక్ సంగీతాభిమానులు ఇలాంటి వాటికోసం ప్రాణం పెడతారు. తమకిష్టమైన బ్యాండు ఒకే పాటను ఎన్ని రకాలుగా రికార్డు చేసింది, ఏది ముందు, ఏది వెనక, ఏ గిటారు ముక్క ఎందులో ఉంది అని లెక్కలు రాసుకుంటారు. ఆల్టర్నేట్ వెర్షన్లు, రీమిక్సులు అని వాటికి పేర్లు పెట్టుకున్నారు. ఆ ఇంగ్లీషు మాటలు వినబడగానే ఇదేదో కొత్త పిచ్చి అనుకుంటాం గానీ, ఆ పెద్దాయన నన్నడిగిన మాట గుర్తు చేసుకోండి. పాఠం. పాఠాంతరం. తాళపత్ర ప్రతులను పోల్చి చూసే పండితులూ, గురువు దగ్గర కూర్చుని నేర్చుకునే విద్యార్థులూ ఎప్పట్నుంచో వాడుతున్న మాట అది. ఏది తప్పు, ఏది ఒప్పు అని తేల్చకుండా, ఇది ఫలానా వారి పాఠం అని గౌరవంగా చెప్పే మాట.

బంటురీతి సంగతే చూద్దాం. అది హంసనాదం రాగం. అరవయ్యో మేళకర్త నీతిమతికి జన్యం. పాత లెక్క ప్రకారం ఆ రాగంలో షట్‌శ్రుతి ధైవతం అనే స్వరం ఉండాలి. ఆ ధైవతం పక్కనే కాకలి నిషాదం. రెంటి మధ్య ఎడం ఒక్క మెట్టే. వేగంగా పాడేటప్పుడు ఆ రెంటినీ విడివిడిగా నిలబెట్టడం కష్టం. కాలక్రమంలో పాడేవాళ్లు ధైవతాన్ని వదిలేశారు. ఇవాళ కచేరీల్లో మనం వినే హంసనాదంలో దాదాపుగా ఆ స్వరం ఉండదు. కాబట్టి రాక్ బ్యాండు వచ్చి త్యాగయ్య పాటను మార్చేసిందని బాధపడేవారికి నేను వినయంగా చెప్పేదొకటే: డ్రమ్ములు రాకముందే ఆ పాటలోంచి ఒక స్వరం జారిపోయింది. సంప్రదాయం తెలిసిన గొంతుల్లోనే జారిపోయింది. ఆ జారిపోయిన పాట కూడా అందంగానే ఉంది.

త్యాగయ్య 1847లో కన్నుమూశారు. ఆయన స్వరలిపి రాసి పెట్టి పోలేదు. శిష్యులు విని నేర్చుకున్నారు. వాలాజాపేట వాళ్లది ఒక దారి, ఉమయాళ్‌పురం వాళ్లది ఒక దారి, తిల్లైస్థానం వాళ్లది ఒక దారి. మూడు దారుల్లోనూ అవే కీర్తనలు నడిచాయి. నడక మాత్రం ఎవరిది వారిదే. పైగా ఒకే పాదాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ, మలుపులు తిప్పుతూ మళ్లీ మళ్లీ పాడే సంగతులను కీర్తనలో స్థిరపరిచింది త్యాగయ్యే అంటారు. మార్చి మార్చి పాడటం ఆ కీర్తన ఒంట్లోనే ఉందన్నమాట. తర్వాతి వాళ్లు తమ సంగతులు కూడా చేర్చారు. ఏ సంగతి త్యాగయ్యది, ఏది శిష్యుడిది, ఏది పోయిన శతాబ్దపు విద్వాంసుడిది అన్నది చాలా చోట్ల కలిసిపోయింది. నాకు బాధ కలిగేది ఆ కలిసిపోవడం గురించే. మార్పు గురించి కాదు.

ఇప్పుడు రాక్ సంగీతపు స్టూడియోలోకి ఒకసారి వెళ్లి వద్దాం. ఈ పిచ్చి ఎంత లోతుకు పోగలదో ఒక్క పాటతో తెలుస్తుంది. బీటిల్స్ బ్యాండు 1967 ఫిబ్రవరిలో విడుదల చేసిన "స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్". జాన్ లెన్నన్ పాట. దాన్ని ఎన్నోసార్లు రికార్డు చేశారు. ఏడో ప్రయత్నం నెమ్మదిగా, మెత్తగా ఉంది. ఇరవయ్యారోది వేగంగా, ట్రంపెట్లు, సెల్లోలతో బరువుగా ఉంది. లెన్నన్‌కు మొదటిదాని మొదలు నచ్చింది, రెండోదాని చివర నచ్చింది. రెంటినీ కలపమన్నాడు. నిర్మాత జార్జ్ మార్టిన్ తల పట్టుకున్నాడు. ఎందుకంటే రెంటి శ్రుతి వేరు, వేగం వేరు. అదృష్టం ఏమిటంటే, టేపు వేగం పెంచితే శ్రుతి కూడా పెరుగుతుంది, తగ్గిస్తే శ్రుతీ తగ్గుతుంది. ఒకదాన్ని కాస్త పెంచి, ఇంకోదాన్ని కాస్త తగ్గిస్తే రెండూ ఒకచోట కలిశాయి. ఇంజనీరు జెఫ్ ఎమెరిక్ టేపును కత్తిరించి అతికించాడు. పాట మొదలైన సరిగ్గా నిమిషం దగ్గర ఆ అతుకు ఉంది. అక్కడ గొంతు కాస్త బరువెక్కుతుంది, గాలి మారినట్టుంటుంది. తెలిసి వింటే వినబడుతుంది, తెలియకపోతే దాటిపోతుంది. 1996లో ఆ పాత ప్రయత్నాల్లో కొన్నింటిని వేరే ఆల్బమ్‌లో బయటపెట్టారు. మూడు దశాబ్దాలుగా అసలనుకుని విన్న పాట వెనక ఇంకెన్ని పాఠాలున్నాయో అప్పుడు లోకం చెవులారా వినగలిగింది.

మా వీధిలో పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా అతికే మనుషులను చూస్తూ పెరిగాను నేను. వేళ్ల కొసల మధ్య రెండు పోగులు పెట్టి ఒక్క మెలి తిప్పుతారు. వేల పోగులు. ఎమెరిక్ అతుకు గురించి మొదటిసారి చదివినప్పుడు నా కళ్ల ముందు మెదిలింది ఆ వేళ్లే.

రీమిక్స్ అనే పని సాధ్యమైంది కూడా పోగులు విడివిడిగా ఉండటం వల్లే. మొదట్లో పాటంతా ఒకేసారి, ఒకే మైకు ముందు పాడి వాయించి రికార్డు చేసేవారు. అది నేసిన చీరలాంటిది, పోగు విడదీయలేరు. తర్వాత టేపు మీద గొంతుకొక బాట, గిటారుకొక బాట, డ్రమ్ములకొక బాట వేసి, విడివిడిగా ఎక్కించి చివర్లో కలపడం వచ్చింది. ఆ విడి బాటలు భద్రంగా ఉంటే పదేళ్లకైనా, యాభై ఏళ్లకైనా మళ్లీ తీసి వేరేలా కలపొచ్చు. మన జాకార్డ్ అట్టలు చూసిన వారికి ఇది వెంటనే అర్థమవుతుంది. మగ్గం మీద గొలుసులా తిరిగే ఆ అట్టలకు చిల్లులుంటాయి. చిల్లు ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. అంచులోని హంస, కొంగులోని కోట కొమ్ము అన్నీ ఆ చిల్లుల్లోనే ఉంటాయి. రంగు మాత్రం అట్టలో లేదు. అవే అట్టలు పెట్టి పడుగు ఆకుపచ్చ, పేక ఎరుపు వేస్తే కదిలినప్పుడల్లా రంగు మారే చీర వస్తుంది. పేక పసుపు వేస్తే చీరే వేరు. లేపాక్షి గుడి పైకప్పు చిత్రాల్లోని వస్త్రాల మీదున్న నమూనాలు మన చీరల్లోకి అలాగే నడిచొచ్చాయి. ఐదు వందల ఏళ్ల కిందటి గీత, నిన్నటి రంగు.

జమైకా దేశంలో ఇదే పనిని ఒక రేడియో మెకానిక్కు కళగా మార్చాడు. కింగ్ టబీ అని పేరు. కింగ్‌స్టన్ నగరంలో రేడియోలు, కరెంటు సామాన్లు బాగుచేసే మనిషి. రెగ్గే పాటలోంచి గొంతు తీసేసి, డ్రమ్ములూ బాస్ గిటారూ మాత్రమే మిగిల్చి, అక్కడక్కడ ఒక మాట ప్రతిధ్వనిస్తూ మాయమయ్యేలా కలిపేవాడు. రికార్డుకు ఒక వైపు పాట, రెండో వైపు ఈ కలిపిన రూపం. ఆ రెండో వైపును అక్కడివాళ్లు ముద్దుగా "వెర్షన్" అని పిలిచారు. ఒకే రికార్డు మీద రెండూ పక్కపక్కన ఉన్నాయి చూడండి. ఒకటి ఇంకోదాన్ని తోసెయ్యలేదు. అందుకే ఆ పద్ధతంటే నాకు ప్రేమ.

బీటిల్స్ "లెట్ ఇట్ బీ" కూడా అంతే. 1970లో విడిగా వచ్చిన రికార్డులోనూ, ఆ తర్వాత వచ్చిన ఆల్బమ్‌లోనూ పాట మూలం ఒకటే, 1969 జనవరి ఆఖరి రోజున వాయించినది. కానీ మధ్యలో వచ్చే జార్జ్ హారిసన్ గిటారు ముక్క రెంటిలోనూ వేరు. ఒకటి 1969 ఏప్రిల్‌లో చేర్చింది, ఇంకోటి 1970 జనవరిలో చేర్చింది. మొదటిది సాఫీగా సాగుతుంది, రెండోది గరుగ్గా గీరుకుంటూ పోతుంది. ఆల్బమ్‌ను కలిపిన ఫిల్ స్పెక్టర్ పని ఆ బ్యాండులో పాల్ మెకార్ట్‌నీకి నచ్చలేదు. స్పెక్టర్ చేర్చిన హంగులన్నీ తీసేసి 2003లో మరో రూపం విడుదల చేశారు. అలాగని 1970 రూపాన్ని దాచెయ్యలేదు. ఎవరికేది కావాలో వాళ్లు వింటున్నారు.

కానీ అన్ని చోట్లా ఇలా జరగలేదు. నా మనసును ఇప్పటికీ పీడించేది ఒకటుంది. ఆజీ ఆస్బర్న్ అనే రాక్ గాయకుడు 1980, 81 సంవత్సరాల్లో రెండు గొప్ప ఆల్బములు చేశాడు. వాటిలో గిటారు ర్యాండీ రోడ్స్‌ది. ఆ కుర్రవాడు 1982లో విమాన ప్రమాదంలో చనిపోయాడు. బాస్ గిటారు బాబ్ డైస్లీ, డ్రమ్ములు లీ కెర్స్లేక్. వాళ్లిద్దరూ తమకు రావలసిన డబ్బు కోసం కోర్టుకెళ్లారు. 2002లో ఆ ఆల్బములు మళ్లీ అంగళ్లకు వచ్చినప్పుడు వాటిలో ఆ ఇద్దరి వాయిద్యాలూ లేవు. వాటిని చెరిపి వేరే ఇద్దరితో వాయించి పెట్టారు. అట్ట మీద బొమ్మ అదే, పాటల పేర్లు అవే. లోపల ర్యాండీ రోడ్స్, తాను ఏనాడూ కలిసి వాయించని మనుషులతో వాయిస్తున్నాడు. అభిమానులు గొడవ చేశారు. తొమ్మిదేళ్ల తర్వాత, 2011లో, మొదటి వాయిద్యాలతోనే మళ్లీ విడుదలయ్యాయి.

ఆ కొత్త వాయిద్యకారులు పనితనం లేనివారేం కాదు. బాధ వేరే. ఒక చీర నేశాక, ఇరవై ఏళ్లకు దాన్ని తీసి, నేసినవాడి పోగులు మాత్రం ఏరి పారేసి, వేరేవాడితో పోగులు పోయించి, ఇదే ఆ పాత చీర అని అమ్మితే ఎట్లుంటుంది? చిన్నాయనకు ఈ కథ చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి "వాళ్ల కూలీ వాళ్లకిచ్చినారా?" అని మాత్రం అడిగాడు.

మన సినిమాల్లో పాత పాటను మళ్లీ చేసే పని మరో రకంగా నడుస్తోంది. 1992లో ఘరానా మొగుడు కోసం కీరవాణి చేసిన పాటను 2009లో మగధీర కోసం ఆయనే మళ్లీ చేశారు. తండ్రి ఆడిన పాటకు కొడుకు ఆడాడు, స్వరం ఇచ్చిన చెయ్యి రెండుసార్లూ ఒకటే. దాని గురించి గొడవ లేదు. కొత్త పాట వచ్చిందని పాత పాట పోలేదు. రెండూ పెళ్లి ఊరేగింపుల్లో మోగుతూనే ఉన్నాయి. కానీ రీమిక్సైన పాత పాటలు చాలావాటికి సంగీతం ఎవరిది, మాట ఎవరిది అని అడిగితే ఈ కాలపు పిల్లలు హీరో పేరు చెబుతారు. అది పిల్లల తప్పు కాదు. మనం చెప్పలేదు.

పేరు రాసి పెట్టడంలో మనకు ఆదర్శం అంటే నాకు గుర్తొచ్చేది మన గడ్డ మీద పుట్టిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారే. 1893లో ఈ అనంతపురం సీమలోని రాళ్ళపల్లిలో పుట్టారు. కట్టమంచి రామలింగారెడ్డి గారి ప్రోద్బలంతో మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు పండితులయ్యారు. దాదాపు నాలుగు దశాబ్దాలు అక్కడే పాఠం చెప్పారు. తర్వాత తిరుపతికి వెళ్లి అన్నమయ్య రాగిరేకుల పనిలో దిగారు. ఆ రేకుల మీద పాట ఉంది, రాగం పేరు ఉంది. స్వరం లేదు. అంటే, మళ్లీ నా మగ్గం మాటే చెప్పనివ్వండి, అట్టలున్నాయి, రంగులు పోయాయి. శతాబ్దాల పాటు నోళ్లలో లేని పాటలకు ఆయన స్వరం కట్టారు. ఇది నేను కట్టిన స్వరం అనే చెప్పారు తప్ప, అన్నమయ్య పాడిన స్వరం ఇదేనని చెప్పలేదు. 1974లో సంగీత కళానిధి అయ్యారు, 1979లో వెళ్లిపోయారు.

ఆయన తర్వాత నేదునూరి కృష్ణమూర్తి గారు, ఇంకెందరో అదే పని చేశారు. "నానాటి బ్రతుకు" సంకీర్తనకు రేకు మీద ఉన్న రాగం ముఖారి. మనందరికీ తెలిసింది నేదునూరి వారు రేవతిలో కట్టిన స్వరం. రేవతిలో వింటే లోకం మీద విరక్తి కలుగుతుంది. అదే పాట ముఖారిలో ఎట్లుండేదో, ముఖారిలోని ఆ ఏడుపు గొంతుతో ఎట్లుండేదో అని నేను ఒక్కోసారి ఇంట్లో నా అంతట నేను పాడుకుని చూస్తుంటాను. ఆ వెతుకులాటకు వీలున్నది ఎందుకో తెలుసా? రాగి మీద ఎవరో "ముఖారి" అని చెక్కి పెట్టారు కాబట్టి. ఆ ఒక్క మాట లేకపోతే రేవతే అసలనుకునేవాళ్లం.

అలా రాసి పెట్టినవాళ్ల మీద నాకు ఎంత గౌరవమో, పేరు లేని చిన్నాయన క్యాసెట్టు మీద అంత దిగులు.

ఆ క్యాసెట్టు ఇంకా నా దగ్గర ఉంది. టేపు రెండుచోట్ల తెగితే అతికించాను. పోయిన సంక్రాంతికి కంప్యూటర్లోకి ఎక్కించి, చెవులకు పెట్టుకుని, బంటురీతిని ఆగి ఆగి విన్నాను. అప్పుడు అర్థమైంది, బెంగళూరు కచేరీలో నాకు తక్కువైన మెట్టు ఏదో. ఈ బొంగురు గొంతు పెద్దాయన ధైవతం వేస్తున్నారు. అందరూ వదిలేసిన ఆ షట్‌శ్రుతి ధైవతం. నిషాదానికి ఆనించి, తొందర లేకుండా, రెండూ విడివిడిగా వినబడేలా. నేను మగ్గాల చప్పుడులో, అక్షరం ముక్క తెలియకుండా నేర్చుకున్నది పాత హంసనాదాన్ని.

ఆ పాట ఎక్కించిన అంగడి ఇప్పుడు లేదు. మాస్టరు టేపు ఏమైందో తెలియదు. తెలిసిన విద్వాంసులు నలుగురికి వినిపించాను. ఒకరు ఒక పేరు చెప్పారు, ఇంకొకరు కాదన్నారు.

కొత్త అట్టపెట్టె చేసి దాని మీద నా చేతిరాతతో రాశాను: బంటురీతి కొలు, హంసనాదం, ధైవతంతో, ధర్మవరంలో ఎక్కించిన క్యాసెట్టు. గానం అని రాసి పక్కన గీత గీసి వదిలేశాను. హిందూపురంలోనో పెనుకొండలోనో కదిరిలోనో ఎవరింట్లోనైనా అటక మీద ఇలాంటి క్యాసెట్టు ఇంకొకటి ఉంటే, దాని మీద పేరుంటే, ఈ రేడియో కేంద్రానికి ఒక కార్డు ముక్క రాయండి. ఆ గీత మీద రాసుకుంటాను.